అత్తయ్య ఆరాటం

బాబును అద్దాల పెట్టెలో పెట్టిన గది నా మంచానికి ఎదురుగానే ఉంది. అత్తయ్య ఆ గుమ్మం వదల్లేదు. బయటికొచ్చిన ప్రతి నర్సునీ ఆపి అడుగుతూనే ఉంది.

"గోళ్ళు పూర్తిగా వచ్చాయా అమ్మా?"

"ఇంకా లేదండీ. చెవులు కూడా గట్టిపడలేదు, ముట్టుకుంటే మడత పడుతున్నాయి."

పక్క మంచం ఆవిడ నిట్టూర్చింది. "మా అత్తయితే ఈపాటికి ఇంటికెళ్ళి గురక పెట్టేది. నువ్వు పెట్టి పుట్టావు తల్లీ."

నాకూ అలాగే అనిపించింది. నడుం లాగేస్తోంది, పొట్ట రాయిలా బిగుసుకుంటోంది అన్నప్పుడు కాపడం పెట్టింది అత్తయ్యే. "ఏడో నెలలో నొప్పులేంటి? నలుగురూ ఏమనుకుంటారు? ఓర్చుకో" అని ఒక రోజంతా ఆపిందీ ఆవిడే. అప్పుడే వచ్చుంటే బిడ్డ ఊపిరితిత్తులు బలపడే ఇంజెక్షన్ ఇచ్చేవాళ్ళమంది డాక్టరమ్మ. పాపం, పెద్దావిడకేం తెలుసులే అని సరిపెట్టుకున్నాను.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చింది. అత్తయ్య చేతులు జోడించి, "ఉన్నమాట చెప్పండి" అంది.

"బాబుకి నెలలు నిండలేదు కదండీ. ఊపిరితిత్తులు ఎదగలేదు. బతుకుతాడని ఇప్పుడే మాటివ్వలేను."

అత్తయ్య గుండెల మీద చెయ్యి వేసుకుంది. ఫోను తీసి మా ఆడపడుచుకి చేసింది.

"విన్నావా? డాక్టరే చెప్పింది, నెలలు నిండలేదట. పెళ్ళయ్యాకే కడుపొచ్చింది. వేళ్ళు మడిచి లెక్కలేసినవాళ్ళందరికీ చెప్పు."

తర్వాత వచ్చి నా దుప్పటి సర్దింది. పెళ్ళయ్యాక మొదటిసారి నా తల నిమిరింది.

"అమ్మయ్య. ఇంక నిశ్చింతగా పడుకో తల్లీ."