పుట్టికి తగిన చెప్పులు

“ఈ బూట్లతోని పుట్టి ఎక్కితే మునుగుతరు దొరా.”

స్వామిదాసు ఆ మాట తల దించుకునే అన్నాడు. గడీ అరుగు మీద లింబారెడ్డి దొర కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. యుద్ధం మూలంగా తోలు సామాను దొరకడమే కష్టమైన ఆ రోజుల్లో హైదరాబాదు నుంచి తెప్పించుకున్న బూట్లు అతని కాళ్లకు మెరుస్తున్నాయి. అడుగున వరుసగా ఇనుప మొలలు. కింద, ఎండకు కాలిన బండల మీద స్వామిదాసు ఉత్త కాళ్లతో నిలబడ్డాడు. ఎల్లారెడ్డి చుట్టుపక్కల పది ఊళ్లకు చెప్పులు కుట్టేది అతనే. కాని అతని వాడవాళ్లెవరూ దొర ఎదుట చెప్పులు తొడగకూడదు.

“ఎందుకు మునుగుత?”

“పుట్టి అంటే వెదురు బుట్ట. అడుగుకు తోలే గద ఉండేది. మొల దిగితే చినుగుతది. బూట్లల్ల నీళ్లు నిండితే ఇగ కాలు కదలది.”

“మరి ఏం తొడగాలె?”

“ఏమొద్దు. చేపలు పట్టెటోళ్లు ఉత్త కాళ్లతోనే ఎక్కుతరు.”

దొర కాలు కిందికి దించాడు. “నాతోని చెప్పులిడిపిస్తవార? నీ పెండ్లాం పొగరు నీకు గూడ ఎక్కిందా?”

నెల కిందట అతని భార్య లిదియా కాలికి చీము పట్టి ఎల్లారెడ్డి దవాఖానకు పోయింది. తిరిగి వస్తూ నొప్పికి ఓర్చలేక చెప్పులు విడవకుండానే గడీ ముందు నుంచి నడిచింది. దొర ఆ చెప్పులు ఆమె నెత్తిన పెట్టించి ఊరంతా తిప్పించాడు.

“మొలలు లేకుంట మెత్తటియి కుడత,” అన్నాడు స్వామిదాసు చివరికి. “పుట్టి తోలుకు ఏం గాదు. కాని కొత్త పని. ఒకటి రెండు జతలు చెడిపోతయి. నాలుగు తోళ్లు కావాలె.”

“తీస్కపో. ఐతారం వకీలు దోస్తు కామారెడ్డిల రైలు దిగుతుండు. పోచారం చెరువుల చేపలు పట్టనీకి తోల్కపోతున్న. ఆయన ముందట నాకు నామోషి అయిందో, నీ తోలు ఒలిపిస్త.”

వారం రోజులు స్వామిదాసు ఇంటి వెనక నుంచి కదలలేదు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకే దాకా తోలు కొట్టే చప్పుడే. లిదియా అటు తొంగి చూడలేదు. ఆ నెల రోజులుగా చెప్పు కంటబడితే చాలు, ఆమె ముఖం తిప్పుకుంటోంది. అన్నం గిన్నె వెనక గడపలో పెట్టి అటు తిరిగే మాట్లాడింది.

“నన్ను ఊరంత తిప్పినోని కాళ్లకు వారం దినాల సంది కుడుతున్నవ్. నీ అసుంటోనికి అన్నమెట్ల దిగుతదో.”

“ఐతారం ప్రార్థన అయినంక వాడోళ్లందర్ని మనింటికి రమ్మను,” అన్నాడతను. “ఆడికెంచి అందరు చెరువు కట్టకు రావాలె.”

“దేనికి? వాడు మునుగుతుంటే చూసెతందుకా?”

అతను మళ్లీ తోలు మీదికి వంగాడు. లిదియా చెయ్యి ద్వారబంధాన్ని పట్టుకుంది. “అది పాపం,” అంది. కాని వద్దనలేదు.

పుట్టి నడిపే సాయన్నకూ అదే భయం పట్టుకుంది. శనివారం వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు. “దొర చెప్పులల్ల ఏం పెట్టినవ్?”

“ఏం పెట్టలే.”

“పుట్టిల నేను గూడ ఉంట. నాకు ముగ్గురు పిల్లలు.”

“నువ్వు మునుగవు.”

“మరి దొర?”

“పొద్దు నెత్తి మీదికి వచ్చెదాంక పుట్టిని ఒడ్డుకు తేకు. గంతే.”

సాయన్న నేల మీద ఉమ్మేశాడు. “నీ పగల నన్ను ముంచకు, స్వామిదాసు. ముంచితే నా పిల్లల ఉసురు నీకే తగుల్తది.”

ఆదివారం దొర బూట్లు కట్ట అవతల బండిలో వదిలి మెత్తటి చెప్పులు తొడుక్కున్నాడు. వకీలు మాత్రం సాయన్నను చూసి ఉత్త కాళ్లతోనే ఎక్కాడు. దొర నవ్వాడు. “నీ అసుంటోళ్లు జీతగాండ్ల లెక్క కూసుంటే మా ఇజ్జత్ ఏం గాను?”

చెరువు నడుమ వల లాగుతుంటే పుట్టిలోకి నీళ్లు వచ్చాయి. చెప్పులు నాని ఉబ్బాయి. పట్టీలు సాగాయి. పెద్ద చేప వలలో కొట్టుకోవడం చూసి దొర లేచి నిలబడ్డాడు. కాలు చెప్పులోంచి జారింది. పుట్టి ఒక పక్కకు ఒరిగి నీళ్లు లోపలికి దూకాయి. సాయన్న కళ్లు మూసుకుని రెండో అంచు మీద పడ్డాడు. పుట్టి ఊగి, ఊగి, నిలబడింది.

“తీసెయ్ వాటిని,” వకీలు పుట్టి అంచు పట్టుకుని అరిచాడు. “నీ ఇజ్జత్ కోసం మమ్మల్ని గూడ చంపుతవా?”

దొర ముఖం నల్లబడింది. చెప్పులు రెండూ పీకి నీళ్లలోకి విసిరాడు. “ఒడ్డుకు పోనియ్యి. వాణ్ని ఇయ్యాల కట్ట మీదనే పాతిపెడత.”

సాయన్న పొద్దు వంక చూశాడు. అది సరిగ్గా నెత్తి మీద ఉంది. పుట్టిని తిప్పాడు.

ఒడ్డున మోకాలి లోతు బురద. ఆ పైన రాళ్లు. దొర పాదాలు ఏనాడూ నేల ఎరుగనివి. అడుగడుగుకూ తూలుతూ, స్వామిదాసును పేరు పెట్టి తిడుతూ కట్ట ఎక్కి తలెత్తాడు. తిట్టు సగంలోనే ఆగిపోయింది.

కట్ట పొడుగునా వాడంతా కొత్త తోలు చెప్పులేసుకుని నిలబడి ఉంది.