ఇంకొక్కటి

ఫిజియోథెరపిస్టులకు ఏటేటా ఉండే ఆన్‌లైన్ పాఠమంటే ఇప్పుడు తెర ముందు కూర్చుని కునికిపాట్లు పడటం కాదు. రోగమే ఓ తొడుగు రూపంలో కొరియర్‌లో ఇంటికొస్తుంది. ఈ ఏడు వచ్చింది పట్టేసిన భుజం. ప్రసూన ఆ తొడుగు వేసుకోగానే అది బిగుసుకుని, కుడిచెయ్యి ఛాతీ దాటి లేవనంది. సాయంత్రం దాకా దానితోనే ఇంటిపని, దానితోనే వ్యాయామం.

అద్దం ముందు జడ వేసుకోబోయి ప్రసూన కెవ్వుమంది.

నిజంగానే భుజం పట్టేసిన అత్తగారు వరహాలమ్మ ముఖం వెలిగిపోయింది. కోడలు చేయించే వ్యాయామమంటే ఆవిడకు ఒళ్ళుమంట. గోడ మీద వేళ్ళు పాకించి, అందినంత ఎత్తులో బొట్టుబిళ్ళ అంటించాలి. ఆవిడ బిళ్ళ వేసవి నుంచి ఒక్కచోటే ఉంది.

"రావమ్మా గోడ దగ్గరికి. పాకించు. ఇదే ఆఖరుది!"

ప్రసూన మూలుగుతూ పాకించింది.

"ఇంకొక్కటి!"

"ఆఖరుదన్నారు కదత్తయ్యా!"

"రోజూ నువ్వు నాకు చెప్పే ఆఖరే ఇది. ఏటి, ఆ మూలుగు? వేళ్ళు ఇలా పోనియ్యాల, ఇలాగ, ఇలాగ!"

నవ్వుతూ, తిడుతూ వరహాలమ్మ తన పట్టేసిన చేతి వేళ్ళను గోడ మీద పరిగెత్తించింది. అవి పాత బిళ్ళను దాటి క్యాలెండరు మేకును తాకాయి. ఆవిడ చూసుకోనేలేదు.

"కదలకండత్తయ్యా!" అంటూ ప్రసూన అద్దం మీది బిళ్ళ ఒకటి ఎడమచేత్తో పీకి, మునివేళ్ళ మీద లేచి, ఆ మేకు పక్కనే అంటించింది.

వరహాలమ్మ తలెత్తి చూసింది.

"ఉండవే," అంది, "ఇంకొక్కటి చేస్తాను."