నొప్పి తగ్గినవాళ్ళు

గుర్వమ్మ గోళీల సీసాను బల్ల మీద పెట్టి, రెండు వేళ్ళతో డాక్టర్ మెహమూద్ వైపు జరిపింది. సీసా సగం కూడా ఖాళీ కాలేదు.

"ఇగ నాకొద్దు సారూ. మీయి మీరే తీస్కపోండ్రి."

డాక్టర్ సీసాను ముట్టుకోలేదు. ఇట్లా వెనక్కి వచ్చిన సీసాలు అప్పటికే బడి వరండాలో ఓ మూలన పేరుకుని ఉన్నాయి.

నకిరేకల్ అవతల ఆ ఊళ్ళో బోరు నీళ్ళు తాగినవాళ్ళ ఎముకలు వయసుకు ముందే బిగుసుకుపోతాయి. నడుములు వంగుతాయి, మోకాళ్ళు మడతపడవు. ఆ బిగుతును వదిలించే మందు నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చడానికి మెహమూద్‌ను హైదరాబాద్ నుంచి పంపారు. ఒప్పుకున్నవాళ్ళలో సగం మందికి అసలు మందు, సగం మందికి మందు లేని ఉత్త సుద్ద గోళీలు. చూడ్డానికి రెండూ ఒకటే. ఎవరికి ఏవి అందుతున్నాయో మింగేవాళ్ళకూ తెలియదు, ఇచ్చే డాక్టరుకూ తెలియదు. అంతా అయ్యాక హైదరాబాద్‌లో విప్పి చూస్తారు.

"నొప్పి తగ్గలేదా అమ్మా?" అని అడిగాడు.

గుర్వమ్మ గొంతుక్కూర్చుని, గోడ పట్టుకోకుండా లేచి నిలబడింది. ఆరోగ్య కార్యకర్త ఐలేశం చెయ్యి పట్టి నడిపిస్తే తప్ప మొదటిసారి ఈ వరండా ఎక్కలేకపోయిన మనిషి.

డాక్టరుకు అంతుపట్టనిది అదే. కడుపులో మంటా, కళ్ళు తిరుగుతున్నాయా, నిద్ర పట్టడం లేదా అని ఒక్కొక్కటీ అడిగి చూశాడు. ఏదీ లేదు. నొప్పి తగ్గినవాళ్ళే సీసాలు తెచ్చి ఇచ్చేస్తున్నారు, దిగులు ముఖాలతో. తగ్గనివాళ్ళు మాత్రం నవ్వుకుంటూ వచ్చి కొత్త సీసా అడుగుతున్నారు. ఇట్లాగే సాగితే చివరికి లెక్కలో మిగిలేది నొప్పి తగ్గనివాళ్ళే. ఈ మందు పనికిరాదని రాసేసి పక్కన పెడతారు. వరండా ముందు పిల్లలు దొడ్డికాళ్ళతో పరుగులు పెడుతున్నారు. డాక్టర్ వాళ్ళ వైపు చూడలేకపోయాడు.

మానుకునే హక్కు మీకుంది, ఆ మాట మొదటి రోజే చెప్పాను, బలవంతమేమీ లేదు, కారణం ఒక్కటి చెప్పమని బతిమాలాడు. గుర్వమ్మ ఐలేశం వైపు చూసింది. ఐలేశం నేల చూపులు చూశాడు.

"ఇంట్ల మంచిగుంటలేదు సారూ," అంది చివరికి. "ఈ గోళీలు సురువు చేసిన సంది మా ఆయన ఇంటికి వస్తలేడు."

డాక్టరుకు చీకట్లో దారి దొరికినట్టయింది. నిన్న సీసా ఇచ్చేసిన లియాఖత్ అలీ కూడా తమ్ముడు గడప తొక్కడం లేదని కళ్ళు తుడుచుకున్నాడు. మోకాళ్ళు ఇంకా పట్టేసి ఉన్న అజ్మత్ బీకి మాత్రం ఆ బాధ లేదు. మా ఆయన రోజూ మాపటికి వచ్చి పక్కన కూర్చుంటాడని, కాళ్ళు నొక్కుకుంటూనే ముసిముసిగా నవ్వింది. అంటే మంచం పట్టినవాళ్ళు ఉన్నట్టుండి లేచి తిరుగుతుంటే అయినవాళ్ళు జడుస్తున్నారు. ఎవరో వాళ్ళ చెవుల్లో ఏదో ఊదారు.

ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదని ఐలేశం మీద విసుక్కున్నాడు.

"నేనేం జెప్పాలె సారూ. నేను గూడ మింగుతున్న గదా."

"నీకు తగ్గిందా?"

"లేదు సారూ," అన్నాడు ఐలేశం, గండం గడిచినవాడిలా.

డాక్టర్ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "పద అమ్మా. మీ ఆయనతో నేను మాట్లాడతాను."

గుర్వమ్మ ముఖం విప్పారింది. "నిజంగ జెప్తరా? సదువుకున్నోళ్ళ మాటంటే ఆయనకు గురి."

ఆమె ముందు, డాక్టరూ ఐలేశమూ వెనక. ఎండ చల్లబడుతోంది. గొర్ల దొడ్లు దాటేసరికి ఆమెతో సమానంగా నడవడం డాక్టరుకే కష్టమైంది. ఆ కాళ్ళు అంత చులాగ్గా సాగిపోతుంటే ఆయనకు కడుపు నిండినట్టుంది. తన మొగుడు బీరన్న సంగతులు చెబుతూ నడిచిందామె. పొద్దుగుంకితే వస్తాడట. పెద్దగా మాట్లాడడట. గొర్ల మంచీచెడూ విని, ఆమె అన్నం తిన్నదాకా ఉండి పోతాడట. నెమ్మదైన మనిషే, నచ్చచెప్పవచ్చు అనుకున్నాడు డాక్టర్. మందు గురించి ఎక్కడ మొదలుపెట్టాలో మనసులో కూర్చుకున్నాడు.

ఊరి చివరి ఇల్లు దాటాక వెనక్కి తిరిగి చూస్తే ఐలేశం రావడం లేదు. అక్కడే నిలబడిపోయి, రానన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

గుట్ట కింద సీతాఫలం చెట్ల మధ్య గుర్వమ్మ ఆగింది. మనిషి అలికిడి లేదు. ఆమె కొంగు తల మీదికి లాక్కుని, సున్నం పూసిన ఒక రాయి ముందు సుతారంగా గొంతుక్కూర్చుంది. రాయి పక్కన పొడుగ్గా పేర్చిన మట్టి మీద గడ్డి మొలిచి ఉంది.

"ఇగో, డాక్టరు సారును తోల్కొచ్చిన," అంది రాయితో. తర్వాత డాక్టర్ వైపు తలెత్తింది.

"జర అడుగుండ్రి సారూ. బొంద పెట్టిన నాటి సంది ఒక్క మాపు తప్పకుండ ఇంటికొచ్చినోడు, నా మోకాళ్ళ నొప్పి పోంగనే ఎందుకు బందైండో."