కాశి కణగిలె

"ఈ మందు దేంతో చేస్తారు సిస్టర్?" అని ఓబులేసు కన్నడంలో అడిగాడు. బెంగళూరులో పన్నెండేళ్లుగా తాపీపని చేస్తున్నాడు. కన్నడం వచ్చునని అతనికి కొంచెం గర్వం.

రక్తంలో క్యాన్సరున్న అతని ఆరేళ్ల కూతురు సుంకమ్మ చేతికి సూది గుచ్చుతూ నర్సు చెప్పింది. "కాశి కణగిలె."

కణగిలె అంటే గన్నేరు. అతని అక్క గన్నేరుపప్పు నూరుకొని తాగే చచ్చిపోయింది. ఇక కాశికి జనం దేనికి పోతారో చెప్పక్కరలేదు.

కూతురి తల వైపు చూశాడు. మూడు సూదులకే జుట్టంతా రాలిపోయింది. జ్వరం తగ్గిన సంగతి ఆ క్షణాన గుర్తుకు రాలేదు.

"విషం ఎక్కిస్తా ఉండారు. పోదాం పామ్మా" అని భుజాన వేసుకొని యలహంకలోని రేకుల షెడ్డుకు తెచ్చేశాడు.

సుంకమ్మ సంబరంగా గుమ్మం పక్కనున్న బిళ్ళగన్నేరు పూలు కోసుకుంది. జడ లేదు కాబట్టి చెవుల్లో పెట్టుకుంది. రెండు నెలలు బతికింది.

ఆ మొక్కనే పెళ్లగించి తెచ్చి, మట్టిదిబ్బ మీద నాటాడు ఓబులేసు.

"కాశి కణగిలె పెట్టినావా? మంచిపని. నీళ్లు లేకున్నా బతుకుతాది" అన్నాడు శ్మశానం కాపలా ముసలాయన.

"ఇది బిళ్ళగన్నేరప్పా."

"మీ తెలుగులో అట్లంటారేమో. కన్నడంలో కాశి కణగిలె అంటారు."

ఓబులేసు చెంబు కింద పెట్టాడు.

"మరి కణగిలె?"

"అది వేరే చెట్టప్పా."