అమ్మ నంబరు

రాత్రి రెండు దాటింది. ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో టెక్నీషియన్ ఒక్కతే కూర్చుని ఉంది. రోగులెవరూ లేరు. యంత్రం సన్నగా మూలుగుతోంది. అంతలో ఆమె ఫోన్ వెలిగింది. నాలుగు నెలల కిందట పోయిన అమ్మ నంబరు నుంచి మెసేజ్ వచ్చింది.

"మేలుకునే ఉన్నావా తల్లీ? నీ ఫోన్‌కి ఆరంకెల కోడ్ వచ్చుంటుంది. అదేంటో చెప్పు."

వెంటనే అన్నకు ఫోన్ చేసింది.

"అమ్మ అకౌంటు ఎవడో కాజేశాడే," అన్నాడు అన్న నిద్రమత్తులోనే. "కోడ్ చెప్పావంటే నీది కూడా లాక్కుని, నీ పేరు చెప్పి అందరినీ ముంచుతాడు. ముందు బ్లాక్ చెయ్యి."

"సరే అన్నయ్యా."

బ్లాక్ చేయబోతుంటే ఈసారి వాయిస్ మెసేజ్ వచ్చింది. అచ్చం అమ్మ గొంతే. మధ్యలో ఆ పొడిదగ్గు కూడా ఉంది.

అమ్మ వీడియోలు నెట్‌లో అందరికీ కనబడేలా పెట్టింది తనే. దొంగలు గొంతునూ ఎత్తుకుపోతారని ఆమెకు తెలుసు. కానీ ఆ గొంతు చివర్లో, "చెప్పవే చిట్టెలుకా," అంది.

ఆ పిలుపు ఏ వీడియోలోనూ లేదు. దీపం ఆర్పాక, చెవి దగ్గర మాత్రమే అమ్మ అలా పిలిచేది.

ఆమె కోడ్ చెప్పలేదు. బ్లాక్ కూడా చేయలేదు. "ఇంకొక్కసారి పిలవమ్మా," అని రాసింది.

"అమ్మ రికార్డ్ చేస్తోంది" అని తెర మీద కనబడింది. ఆమె ఫోన్‌ను చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుంది.