పడక్కుర్చీ మీద కళ్ళు

ఇల్లు బాగుందని ఎవరైనా అంటే చాలు, కోడలికి గుండెల్లో రాయి పడుతుంది.

బాగుండకేం? భర్తకు పాత సామాను పిచ్చి. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తున్నారని చెవిన పడితే అన్నం ముందు నుంచైనా లేచిపోతాడు. కాలు విరిగిన బల్లో, వాన నీళ్ళకు ఉబ్బిన బీరువానో కారుచౌకగా పట్టుకొస్తాడు. వరండాలో చతికిలబడి గరుకు కాగితంతో రుద్ది, పాలిష్ పట్టి, దానికి ప్రాణం పోస్తాడు. కొత్తవి కొనే స్తోమత లేదు గానీ, ఆ మూడు గదులూ చూస్తే ఎవరైనా బాగా బతికిన కుటుంబం అనుకోవాల్సిందే.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆ మనిషికి నోరు ఊరుకోదు. వచ్చినవాళ్ళందరినీ గది గదీ తిప్పి, ఈ అద్దం ముందు ఒక టీచరమ్మ ముప్ఫై ఏళ్ళు జడ వేసుకుందనీ, ఈ బల్ల మీద గడియారాలు బాగుచేసి ఒకాయన చత్వారం తెచ్చుకున్నాడనీ కథలు చెబుతాడు. వాళ్ళు నోరు వెళ్ళబెట్టి వింటారు. సొరుగులు లాగి చూస్తారు. మంచం మీద కూర్చుని మరీ ఊగి చూస్తారు.

కోడలికి ఒళ్ళు మండిపోతుంది. ఆవిడ భయం ఆవిడది. పరాయి కన్ను పడిందా, ఆ వస్తువు ఇక ఈ ఇంట్లో నిలవదు. టీచరమ్మ అద్దం వారం నిలవలేదు. చీరలు సర్దుకుని సంబరపడిన బీరువాదీ అదే గతి.

అవి పోతే పోయాయి. ఆవిడ బెంగంతా పడక్కుర్చీ గురించే. అత్తగారికి నడుం నొప్పి. మంచం మీద వాలితే చాలు, ప్రాణం తోడేస్తుంది. ఏడాదిగా గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవార్చేది. ఈ కుర్చీ వచ్చిన రోజు భోంచేసి అందులో వాలిన మనిషి చీకటి పడేదాకా లేవలేదు. కోడలు కంగారుపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. అత్తగారు హాయిగా గురక పెడుతోంది.

"ఇదొక్కటి మాత్రం ఎవరికీ చూపించకండి," అని ఆ వేళే భర్తను బతిమాలింది.

"నేనెందుకు చూపిస్తాను? వాళ్ళే చూస్తే ఏం చెయ్యను?" అన్నాడాయన.

ఆదివారం కారులో భార్యాభర్తలెవరో వచ్చారు. కోడలు ముందే జాగ్రత్తపడి, కుర్చీని వెనక గది మూలకు జరిపి, అత్తగారికి మెడ దాకా పాత దుప్పటి కప్పింది. ముందు గదిలో కథలు మొదలయ్యాయి. వచ్చినావిడ కంటికి ఏదీ ఆనలేదు. లోపలేముందో చూద్దామంటూ తిన్నగా వెనక గదిలోకే వచ్చింది. నిద్రపోతున్న ముసలావిడను చూసి, దుప్పటి అంచు ఎత్తి, కుర్చీ చేతిని నిమిరింది.

"ఎంత బాగుందో!"

దీని కథేంటని అడిగింది. ఆయన తడబడ్డాడు. కథేమీ లేదన్నాడు. ఒక కాలు వదులన్నాడు. ముందు గదిలో ఇంతకన్నా మంచివి ఉన్నాయన్నాడు. ఆవిడ కదల్లేదు.

కోడలు భర్త వంక చూసింది. ఆయన తల దించుకున్నాడు. ఈ నెలలో గడప తొక్కింది వీళ్ళొక్కళ్ళే.

కాసేపటికి ఆయన కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని, తల్లి చెంప మెల్లగా తట్టి, "లేమ్మా, కుర్చీ అమ్ముడైపోయింది," అన్నాడు.