రెండు వేళ్ళ గుడ్డ

"సూటు మోచేతి దగ్గర చిరిగింది సార్." అంతరిక్ష నౌకలోంచి పైలట్ గొంతు వినిపించింది. "దీంతో బయటికెళ్ళి, నౌక గోడకి పడ్డ ఆ చిల్లు ఎలా మూసేది?"

చిల్లులోంచి కారిపోగా నౌకలో గాలి ఇంకో గంటకే సరిపోతుంది. సూటుకి అతుకు వెయ్యడానికి జిగురుంది గానీ, అది ఆ సూటు గుడ్డకి తప్ప దేనికీ అంటుకోదు; ఆ గుడ్డ ముక్క విడిగా నౌకలో లేదు. కింద భూమ్మీద, కంట్రోల్ రూములో డైరెక్టరు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

సూట్లు కుట్టే దర్జీ ఆవిడ గుమ్మంలోంచే అంది. "ఎడమ చంక దగ్గర లైనింగు విప్పమనండి సార్. లోపల రెండు వేళ్ళ గుడ్డ ఎక్కువ వదిలాను. కత్తిరించుకోవచ్చు."

"గ్రాము బరువు పెరిగినా ఊరుకోనని నీకు చెప్పానా లేదా?"

"జేబు మూత మానేసి బరువు సరిచేశాను సార్. ముప్పై ఏళ్ళు ఎదిగే పిల్లలకి కుట్టిన చెయ్యి. గుడ్డ వదలకుండా ఉండలేదు."

డైరెక్టరు పళ్ళు కొరుక్కుంటూనే మైకు అందుకున్నాడు.

నలభై నిమిషాలు ఆ గదిలో ఎవరూ కూర్చోలేదు.

"చిల్లు మూసేశాను," అన్నాడు పైలట్. "గాలి నిలిచింది."

దర్జీ ఆవిడ కళ్ళొత్తుకుంది. "ఇకమీదట కొలత ప్రకారమే కుడతాను సార్."

డైరెక్టరు తన కుర్చీ లాగి ఆవిడ ముందు వేశాడు.

"కూర్చోండమ్మా. ఈసారి నాలుగు వేళ్ళు వదలండి. జేబుకి మూత కూడా కుట్టండి."